ఖాళీ ఆదివారాలకు ఏ వ్యోమనౌక? బెంగళూరు తెలుగువారికి ఎంపిక సలహా

2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ జాబిల్లి మీద దిగింది. అప్పటినుంచి బెంగళూరులోని తెలుగు కుటుంబాలు, ఇంజినీరింగ్ విద్యార్థులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "చూశాం, సంతోషించాం. ఇప్పుడు మేం చేయగలిగింది ఏమైనా ఉందా?" చాలా ఉంది. వ్యోమనౌకలు పంపే చిత్రాలు, కొలతలు చాలావరకు ఉచితంగానే దొరుకుతున్నాయి. మారతహళ్లిలో అద్దెగదిలో ఉండే విద్యార్థి, అమెరికా విశ్వవిద్యాలయంలో పనిచేసే పరిశోధకుడు తెరిచి చూసేది ఒకే ఫైలును. అయితే దేనితో మొదలుపెట్టాలో తెలియక ఒకేసారి ఐదారింటిని తెరిచి, రెండో వారానికి అన్నింటినీ వదిలేసేవారు ఎక్కువ.

నా అభిప్రాయం ముందే చెబుతాను. వ్యోమనౌక పేరు ప్రతిష్ఠలను బట్టి ఎంచుకోకండి. మీకు దొరికే సమయం ఎలాంటిదో చూసి ఎంచుకోండి. రోజుకు ఇరవై నిమిషాలు దొరికేవారి పని వేరు, నెలకు ఒక పూర్తి ఆదివారం దొరికేవారి పని వేరు. ఆఫీసు నుంచి ఇంటికి చేరడానికే గంటన్నర పట్టే ఊరిలో ఈ తేడాయే అన్నింటికన్నా ముఖ్యం.

దేన్ని బట్టి పోల్చాలి

మొదటిది, తొలి చిత్రం తెర మీదకు రావడానికి పట్టే శ్రమ. కొన్ని ఫోనులోనే తెరుచుకుంటాయి. కొన్నింటికి పేరు నమోదు చేసుకుని, ప్రత్యేక సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుని, చాలా పెద్ద ఫైలు దించుకోవాలి. రెండోది, కొత్త డేటా వచ్చే వేగం. నిమిషాల్లో వచ్చేవి ఉన్నాయి, మూడు నెలలకు ఒకసారి వచ్చేవీ ఉన్నాయి. మూడోది, ఇంతవరకు ఎవరూ గమనించనిది మీ కంటపడే అవకాశం. నాలుగోదానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను: తెర మీద చూసినదాన్ని ఆకాశంలో మీ కళ్లతో సరిచూసుకోగలరా?

ఈ నాలుగో ప్రశ్న బెంగళూరులో కాస్త కఠినమైనదే. వైట్‌ఫీల్డ్‌లోనో, ఎలక్ట్రానిక్ సిటీలోనో మేడ ఎక్కితే పాలపుంత కనబడదు. జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బులు కూడా అడ్డం వస్తాయి. కానీ ఎన్ని దీపాలు వెలిగినా చంద్రుడు కనబడతాడు. పిల్లలతో మొదలుపెట్టేవారిని, ఇదివరకు ఏ డేటానూ ముట్టుకోనివారిని చంద్రుడితోనే మొదలుపెట్టమని చెప్పడానికి నాకున్న పెద్ద కారణం ఇదే.

| వ్యోమనౌక | తొలి శ్రమ | కొత్త డేటా | కళ్లతో సరిచూడవచ్చా |
|---|---|---|---|
| ఎల్ఆర్ఓ (చంద్రుడు) | చాలా తక్కువ, ఫోను చాలు | మూడు నెలలకోసారి | అవును |
| చంద్రయాన్-2 (చంద్రుడు) | ఎక్కువ, మంచి ల్యాప్‌టాప్ కావాలి | విడతలుగా | కొంతవరకు |
| ఆదిత్య-ఎల్1 (సూర్యుడు) | ఎక్కువ, పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) వస్తే మేలు | విడతలుగా | తగిన ఫిల్టరుతో మాత్రమే |
| సోహో (సూర్యుని పరిసరాలు) | తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి | నిమిషాల తేడాతో | వీలుకాదు |
| పర్సెవరెన్స్ (అంగారకుడు) | చాలా తక్కువ | తరచుగా | వీలుకాదు |
| జూనో (గురుడు) | మధ్యస్థం | ప్రదక్షిణకు ఒకసారి | గురుడు, నాలుగు పెద్ద చంద్రులు మాత్రం |

ఎల్ఆర్ఓ: మొదటి మెట్టు

నాసా ల్యూనార్ రికనిసెన్స్ ఆర్బిటర్ 2009 జూన్ 18న బయలుదేరింది. దాని సన్నకోణపు కెమెరాలు 50 కిలోమీటర్ల ఎత్తు నుంచి చూస్తే ఒక్కో పిక్సెల్ నేల మీద అర మీటరు. విశాలకోణపు కెమెరా 100 మీటర్లకు ఒక పిక్సెల్ చొప్పున చంద్రుడి పటం తయారుచేసింది. ఆరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలోని కెమెరా బృందం ఈ చిత్రాలను క్విక్‌మ్యాప్ అనే పటంగా అందరికీ తెరిచిపెట్టింది. ఏమీ దించుకోనక్కరలేదు. వేళ్లతో దగ్గరికి లాక్కుంటూ వెళితే చాలు, చంద్రుడంతా కనబడే వెడల్పు నుంచి బండరాళ్ల దాకా దిగిపోవచ్చు.

మొదలుపెట్టడానికి గోడ మీది తెలుగు క్యాలెండరే మంచి సాధనం. పౌర్ణమి నాడు చంద్రుడిని చూడమంటారు కానీ బిలాలు చూడడానికి ఆ రోజు పనికిరాదు. సూర్యకాంతి నిటారుగా పడి నీడలు మాయమవుతాయి. శుక్ల పంచమి, షష్ఠి నాడు బైనాక్యులర్‌తో వెలుగుకూ చీకటికీ మధ్య గీత దగ్గర థియోఫిలస్ బిలాన్ని వెతకండి. అష్టమి, నవమి నాటికి 85 కిలోమీటర్ల వెడల్పున్న టైకో బయటపడుతుంది. నవమి, దశమి నాటికి 93 కిలోమీటర్ల కోపర్నికస్ కనబడుతుంది. చూసిన బిలాన్ని కిందికి వచ్చి క్విక్‌మ్యాప్‌లో తెరవండి. అంతదాకా చుక్కలా కనబడిన చోట మెట్లు మెట్లుగా జారిన గోడలు, నడుమ కొండలు ప్రత్యక్షమవుతాయి. పదేళ్ల పిల్లలకు ఇంతకు మించిన తొలిపాఠం నాకు తెలియదు.

రెండో అభ్యాసం విక్రమ్‌ను వెతకడం. దక్షిణ అక్షాంశం 69.37, తూర్పు రేఖాంశం 32.32 డిగ్రీల దగ్గర దిగిన చంద్రయాన్-3 ల్యాండర్‌ను ఎల్ఆర్ఓ 2023 ఆగస్టు 27న చిత్రించింది. దిగేటప్పుడు ఇంజిను పొగలు మెత్తటి ధూళిని చెదరగొట్టడంతో ల్యాండర్ చుట్టూ తెల్లటి వలయం ఏర్పడింది. ఆ వలయాన్ని బట్టి దాన్ని గుర్తుపట్టవచ్చు. పని మొదలుపెట్టే ముందు ఒక మాట గుర్తుంచుకోండి. చిత్రంలో ఎండ ఏ వైపు నుంచి పడుతోందో ముందు తేల్చుకోకపోతే గుంతలు గుట్టల్లా, గుట్టలు గుంతల్లా కనబడతాయి. నీడ ఎటు పడిందో చూసి, ఎండ దిక్కును కాగితం మీద బాణం గుర్తుగా గీసుకుని పక్కన పెట్టుకోండి.

ఎల్ఆర్ఓ చిత్రాల్లో సామాన్యుడికి కొత్తది దొరుకుతుందా? దొరుకుతుందని మన పొరుగూరు చెన్నై ఇంజినీరు షణ్ముగ సుబ్రమణియన్ నిరూపించారు. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 ల్యాండర్ దిగే ప్రయత్నంలో కూలిపోయింది. ఎల్ఆర్ఓ సెప్టెంబరు 17న తీసిన ఆ ప్రాంతపు చిత్రాలను నాసా అదే నెల 26న విడుదల చేసింది. పాత చిత్రాలనూ కొత్త చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూసిన ఆయనకు, పాతదాంట్లో లేని ఒకే ఒక్క ప్రకాశవంతమైన పిక్సెల్ కనబడింది. అది ప్రధానంగా కూలిన చోటుకు వాయవ్యంగా సుమారు 750 మీటర్ల దూరంలో పడిన శకలం. అంత పెద్ద చిత్రంలో ఒక్క పిక్సెల్‌ను అనుమానించాలంటే ఎంత నిబ్బరం కావాలో ఆలోచించండి.

ఎల్ఆర్ఓలో లోటు లేకపోలేదు. ఇన్నేళ్లలో ప్రసిద్ధమైన చోట్లను చాలామంది జల్లెడ పట్టేశారు. కొత్తది దొరకాలంటే పేరులేని ప్రాంతాన్ని ఎంచుకుని, రెండు వేర్వేరు కాలాల చిత్రాలను పోల్చే పని పెట్టుకోవాలి.

చంద్రయాన్-2: శ్రమ ఎక్కువ, ఫలం ఎక్కువ

ల్యాండర్ పోయిందన్న బాధలో చాలామంది మరిచిపోయారు కానీ, చంద్రయాన్-2 ఆర్బిటర్ చంద్రుడి నుంచి 100 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ అద్భుతమైన పని చేసింది. దాని హై రిజల్యూషన్ కెమెరా చిత్రంలో ఒక్కో పిక్సెల్ 25 సెంటీమీటర్లు, అంటే జానెడుకు కాస్త ఎక్కువ. ఎల్ఆర్ఓ కన్నా రెట్టింపు నిశితం. ఒక్కో చిత్రంలో పట్టేది 3 కిలోమీటర్ల వెడల్పున్న పట్టీ మాత్రమే. కాబట్టి చంద్రుడంతా దొరకదు, ఎంచుకున్న చోట్లే దొరుకుతాయి. మీకు కావలసిన చోట పట్టీ ఉందో లేదో ముందు చూసుకోండి.

రెండో కెమెరా టీఎంసీ-2. దాని పిక్సెల్ 5 మీటర్లు, వెడల్పు 20 కిలోమీటర్లు. ఇది ఒకే నేలను ముందు నుంచి, నిటారుగా, వెనక నుంచి మూడు కోణాల్లో చూస్తుంది. ఆ మూడింటినీ కలిపి ఎత్తుపల్లాల పటం తీయవచ్చు. చివరి సంవత్సరం ప్రాజెక్టు కోసం వెతుకుతున్న విద్యార్థికి నేను చూపించేది దీన్నే. బిలం లోతు, గోడ వాలు, లోపల జారిపడిన రాళ్ల దూరం, ఇవన్నీ కొలిచి చూపించగలిగిన పనులు.

మూడోది క్లాస్ అనే ఎక్స్-కిరణాల పరికరం. తయారైంది బెంగళూరులోనే, యు.ఆర్. రావు ఉపగ్రహ కేంద్రంలో. సూర్యుడి ఎక్స్-కిరణాలు చంద్రుడి నేలను తాకినప్పుడు అక్కడి మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్, కాల్షియం, ఇనుము తమ తమ గుర్తింపు కిరణాలను వెదజల్లుతాయి. వాటిని చదివి ఏ మూలకం ఎక్కడ ఉందో చెప్పవచ్చు. సోడియం పటాన్ని కూడా ఇలాగే తీశారు. సౌర జ్వాల, అంటే సూర్యుడి మీద ఒక్కసారిగా ఎగసే పెద్ద పేలుడు, రేగిన వేళ సంకేతం బలంగా ఉంటుంది కాబట్టి, ఇందులో దిగినవారు సూర్యుడి గురించి కూడా తప్పక నేర్చుకుంటారు.

ఇక ఇబ్బందులు. డేటా అంతా ఇస్రో వారి ప్రదాన్ పోర్టల్‌లో ఉంటుంది, పేరు నమోదు చేసుకోవాలి. ఫైళ్లు పీడీఎస్-4 అనే పద్ధతిలో వస్తాయి. ఫోటోలా రెండు క్లిక్కులకు తెరుచుకోవు. క్యూజిఐఎస్ వంటి పటాల సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ మీద పెద్ద చిత్రాలు నెమ్మదిగా కదులుతాయి. మొదటి రెండు మూడు ఆదివారాలు కేవలం ఫైలు తెరవడానికే పోవచ్చు, అందుకు సిద్ధపడి దిగండి. హాస్టల్ వైఫై మీద ఆధారపడేవారు రాత్రిపూట దించుకోవడం మేలు.

ఇంత శ్రమ దేనికంటే, ఇది ఎక్కువమంది తిరగని నేల. ఎల్ఆర్ఓ చిత్రాల్లో పదిమంది చూసేసిన బిలం ఈ నిశితమైన చిత్రాల్లో మీరే మొదట కొలిచింది కావచ్చు. మరొకటి, ఈ డేటా నగరానికి దగ్గరలోనే నేలకు చేరుతోంది. రామనగర వైపు, బెంగళూరు నుంచి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని బ్యాలాళులో 18 మీటర్ల, 32 మీటర్ల యాంటెనాలు ఉన్నాయి. చంద్రయాన్-1 కోసం కట్టిన ఆ ఆవరణలోనే ఇస్రో అంతరిక్ష విజ్ఞాన డేటా కేంద్రం కూడా ఉంది. శ్రీహరికోటలో మన తెలుగునేల మీది నుంచి లేచినవాటి గొంతు ఇక్కడ వినిపిస్తోందని తలచుకుంటే, పెద్ద ఫైలు దించుకోవడం నాకు భారంగా అనిపించదు.

ఎల్ఆర్ఓనా, చంద్రయాన్-2నా అని తేల్చుకోలేకపోతే ఇలా చేయండి. ఒకే చోటును రెండింటిలోనూ ఎంచుకోండి. క్విక్‌మ్యాప్‌లో చూసి దారి తెలుసుకుని, ఆ తరువాతే ప్రదాన్‌లో అదే అక్షాంశ రేఖాంశాల ఫైలును వెతకండి. తెలిసిన నేల మీద కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం తేలిక.

చంద్రయాన్-3 కొలతలు కొద్దివే అయినా పిల్లలకు గ్రాఫు గీయడం నేర్పడానికి బాగుంటాయి. నేల ఉష్ణోగ్రత కొలిచిన చాస్టే పరికరం తొలి గ్రాఫులో 8 సెంటీమీటర్ల లోతున ఉష్ణోగ్రత మైనస్ 10 డిగ్రీలకు పడిపోయింది. పైన ఎండలో మాడే నేల, కింద జానెడు కూడా దిగకముందే గడ్డకట్టే చలి. తొమ్మిదో తరగతి పిల్లవాడు దీన్ని గ్రాఫు కాగితం మీద గీసి, ధూళి వేడిని ఎంత బాగా ఆపుతుందో తానే చెప్పగలడు.

ఆదిత్య-ఎల్1: పైథాన్ వచ్చినవారికి

బెంగళూరులో పనిచేసే తెలుగు ఇంజినీర్లలో చాలామందికి కోడింగ్ వచ్చు, చిత్రాలను గంటలకొద్దీ చూసే ఓపిక మాత్రం ఉండదు. వారికి సూర్యుడే తగినవాడు. 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య 2024 జనవరి 6న, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపున, నౌక ఎప్పుడూ సూర్యుడికీ భూమికీ మధ్యే ఉండగలిగే ఎల్1 బిందువు చుట్టూ కక్ష్యలోకి చేరింది. ఏడు పరికరాల్లో సూర్యుడి బయటి వాతావరణమైన కరోనాను చూసే వీఈఎల్‌సీ అనే పరికరాన్ని కోరమంగలలోని భారత ఖగోళ భౌతిక సంస్థ తయారుచేసింది. దాని కూర్పు హోసకోటె ఆవరణలో జరిగింది. సోలెక్స్ అనే ఎక్స్-కిరణాల పరికరం యు.ఆర్. రావు కేంద్రానిది.

కొత్తవారికి నా సూచన సోలెక్స్. చిత్రాల జోలికి పోకుండా కాలాన్ని బట్టి కాంతి ఎలా మారిందో చూపే గీతలతో మొదలుపెట్టవచ్చు. గీత ఒక్కసారిగా నిటారుగా లేచి, మెల్లగా వాలితే అది సౌర జ్వాల. జ్వాలలను ఎ, బి, సి, ఎం, ఎక్స్ తరగతులుగా విభజిస్తారు. ఒక్కో మెట్టుకు తీవ్రత పదింతలు. 2024 మే నెల డేటా తీసుకోండి. ఆ రోజుల్లో సూర్యుడి మీద ఒక పెద్ద మచ్చల గుంపు వరుసగా జ్వాలలు ఎగజిమ్మింది, మే 10 రాత్రి లద్దాఖ్‌లోని హాన్లేలో కూడా ఆకాశం ఎర్రబారింది. ఆ వారపు శిఖరాలను గుర్తించే చిన్న ప్రోగ్రాం రాసి, అమెరికా గోస్ ఉపగ్రహాలు నమోదుచేసిన జ్వాలల జాబితాతో సరిపోల్చుకుంటే మీ ప్రోగ్రాం ఎంత నమ్మదగినదో తేలిపోతుంది. జవాబులు ముందే ఉన్న లెక్క కాబట్టి నేర్చుకునేవారికి ధైర్యంగా ఉంటుంది.

మేడ మీదికి వెళ్లి సూర్యుడిని చూడాలనుకుంటే తగిన సౌర ఫిల్టరు లేకుండా కన్నెత్తి చూడవద్దు. బైనాక్యులర్‌తో అయితే ఒక్క క్షణం చాలు చూపు పోవడానికి. పిల్లలున్న ఇంట్లో ఈ మాట రెండుసార్లు చెప్పండి.

సోహో: రోజుకు ఇరవై నిమిషాల తోకచుక్క వేట

1995 డిసెంబరు 2న బయలుదేరిన సోహో కూడా ఎల్1 దగ్గరే ఉంది. సూర్యబింబాన్ని కప్పి చుట్టుపక్కలను చూపే దాని కెమెరాల్లో 5,000కు పైగా తోకచుక్కలు బయటపడ్డాయి. 5,000వది 2024 మార్చిలో లెక్కకు ఎక్కింది. వాటిలో అత్యధికం అభిరుచితో చూసినవారు పట్టినవే. చిత్రాలు నిమిషాల తేడాతో వస్తుంటాయి. వరుస చిత్రాల్లో ఒకే వేగంతో ఒకే దారిలో కదిలే మసక చుక్కను వెతకాలి. నక్షత్రాలు అన్నీ కలిసి ఒకే వైపు జరుగుతాయి, విశ్వకిరణాల మచ్చలు ఒక్క చిత్రంలో కనబడి పోతాయి. వాటిని వేరుచేయడం అలవాటు కావడానికి వారాలు పడుతుంది.

క్రాయిట్జ్ అనే కుటుంబానికి చెందిన తోకచుక్కలే ఇక్కడ ఎక్కువ. ఏ నెలలో ఏ వైపు నుంచి వస్తాయో ముందే తెలుసు కాబట్టి, ఆ పటాన్ని చూసుకుని మొదలుపెట్టండి. పోటీ మాత్రం తీవ్రం. ప్రపంచమంతటా అనుభవజ్ఞులు కాచుకుని ఉంటారు. మొదటివారు కావాలన్న కోరిక బలంగా ఉన్నవారు ఇక్కడ నిరాశపడతారు. రోజూ ఒకే చోటును శ్రద్ధగా చూడడంలో ఆనందం ఉన్నవారికి, ముఖ్యంగా ఉద్యోగ విరమణ చేసి పిల్లల దగ్గర బెంగళూరులో ఉంటున్న పెద్దలకు, ఇది ఎంతో బాగుంటుంది. పెద్ద తెర ఉంటే చాలు.

అంగారకుడు, గురుడు: కళ్లకు విందు

నాసా రోవర్ పర్సెవరెన్స్ 2021 ఫిబ్రవరి 18న అంగారకుడి మీది జెజెరో బిలంలో దిగింది. అది పంపే ముడి చిత్రాలను నాసా తన పేజీలో పెడుతూనే ఉంటుంది. ఫోనులో చూడవచ్చు. దాని మాస్ట్‌క్యామ్-జడ్ కెమెరాకు రెండు కళ్లు, వాటి మధ్య దూరం సుమారు 24 సెంటీమీటర్లు. ఎడమ, కుడి చిత్రాలను కలిపి ఎరుపు-నీలం కళ్లద్దాలతో చూస్తే రాళ్లు ముందుకు పొడుచుకు వస్తాయి. వేసవి సెలవుల్లో పిల్లలకు రెండు మూడు మధ్యాహ్నాల పని. కొత్త విషయం కనుగొనడం మాత్రం కష్టం, బృందం ప్రతి చిత్రాన్నీ వెంటనే చూస్తుంది. మన మంగళయాన్ తీసిన అంగారకుడి పూర్తిబింబ చిత్రాలను కూడా పక్కన పెట్టుకోండి. సుమారు 77 వేల కిలోమీటర్ల దూరం దాకా వెళ్లే కోలకక్ష్య వల్ల గ్రహమంతా ఒకే చిత్రంలో పట్టింది.

జూనో కథ వేరు. 2016 జులైలో గురుడిని చేరిన ఈ నౌకలోని జూనోక్యామ్ అనే కెమెరాను ప్రజల కోసమే పెట్టారు. ముడి చిత్రాలను అందరికీ ఇచ్చి, రంగుల్లో తీర్చిదిద్దే పనిని అభిరుచి ఉన్నవారికే వదిలారు. నౌక నిమిషానికి రెండుసార్లు గుండ్రంగా తిరుగుతూ చిత్రిస్తుంది కాబట్టి చిత్రం సన్నటి పట్టీలుగా వస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలను సరిగ్గా పేర్చితేనే గురుడు కనబడతాడు. ఫోటో ఎడిటింగ్ చేతనైనవారికి, బొమ్మలు గీసేవారికి నేను దీన్నే చెబుతాను. రంగులు పెంచితే పెంచినట్టు చిత్రం కింద రాయండి. రాయకుండా పంచిన చిత్రాన్ని చూసి పిల్లలు గురుడు నిజంగానే ఆ నీలంలో ఉంటాడనుకుంటారు.

ఇంకా తేల్చుకోలేనివారికి

పిల్లలున్న ఇల్లయితే ఎల్ఆర్ఓ, పక్కన బైనాక్యులర్. వీలైతే టి. చౌడయ్య రోడ్డులోని జవహర్‌లాల్ నెహ్రూ ప్లానెటేరియంకు ఒకసారి తీసుకెళ్లండి. ఇంజినీరింగ్, ఎమ్మెస్సీ విద్యార్థులు చంద్రయాన్-2 దగ్గరే ఆరు నెలలు ఉండండి, మధ్యలో మరోదానికి మారకండి. కోడింగ్ వచ్చి వారానికి రెండు గంటలు దొరికితే ఆదిత్య. రోజూ కాసేపు దొరికితే సోహో. రెండు కలిపి చేస్తానంటే ఒప్పుకుంటాను కానీ, చంద్రయాన్-2 క్లాస్‌నూ ఆదిత్య సోలెక్స్‌నూ మాత్రమే కలపండి. సోలెక్స్ కొలిచే జ్వాలే క్లాస్‌కు అందే సంకేతాన్ని బలపరుస్తుంది కాబట్టి ఆ జోడీకి అర్థం ఉంది.

ఏది ఎంచుకున్నా మొదటి రోజు నుంచే ఒక నోటు పుస్తకం పెట్టుకోండి, తెలుగులోనే రాయండి. చిత్రం సంఖ్య, తీసిన తేదీ, అక్షాంశ రేఖాంశాలు, ఎండ దిక్కు, మీరు చూసినది. అనుమానం వస్తే అదే చోటు పాత చిత్రం తీసి పోల్చండి. రెండు వేర్వేరు ఎండకోణాల్లో కూడా ఆ మార్పు నిలబడితేనే సంబంధిత బృందానికి రాయండి. ఇస్రో డేటా అయితే పోర్టల్‌లో ఇచ్చిన చిరునామాకు, సోహో అయితే దాని తోకచుక్కల నివేదికలను పరిశీలించే సన్‌గ్రేజర్ ప్రాజెక్టుకు పంపాలి. షణ్ముగ సుబ్రమణియన్ సూచన విషయంలో ఎల్ఆర్ఓ బృందం అక్టోబరు, నవంబరుల్లో తీసిన కొత్త చిత్రాలను కూడా పోల్చి చూసి, డిసెంబరు మొదట్లో ధ్రువీకరించింది. మీ ఉత్తరానికి కూడా వారాలో, నెలలో పట్టవచ్చు. ఆలోగా అదే చోటు తరువాతి విడత చిత్రాలు వస్తే తెరిచి, పుస్తకంలో పాత పేజీ పక్కనే కొత్త గమనిక రాయండి.